చార్మినార్ నుంచి గోల్కొండ దాకా: హైదరాబాదు పాతనగరాన్ని రెండు రోజుల్లో చూసే వరుస

పెళ్లికో, పరీక్షకో, వైద్యానికో హైదరాబాదు వచ్చి, పని ముగిశాక ఒకటి రెండు రోజులు మిగిలితే ఊరు చూసి వెళ్దామనుకునే బంధువులు మా ఇంటికి ఏటా వస్తూనే ఉంటారు. వారిలో చాలామంది చేతిలో పదిహేను ఇరవై పేర్ల జాబితా ఉంటుంది. ఉదయం ఒక కారు మాట్లాడుకుని బయలుదేరి, సగం చోట్ల గేటు ముందు ఫొటో తీసుకుని, మిగిలిన సగాన్ని రోడ్డు మీది రద్దీకి వదిలేసి, అలసిపోయి తిరిగి వస్తారు. ఊరు పెద్దది కావడం కన్నా, ఏ చోటికి ఏ వేళ అనువైనదో తెలియకపోవడమే దీనికి అసలు కారణమని నా అభిప్రాయం. గుడి మధ్యాహ్నం తలుపులు వేస్తుంది. మ్యూజియం సాయంత్రం మూసుకుంటుంది. బజారులో పొద్దు బాగా ఎక్కితే గాని దుకాణాలు తెరవరు. కోటనైతే ఎండ ముదరకముందే ఎక్కాలి. ఈ వేళలను బట్టి వరుస కుదుర్చుకుంటే పాతనగరానికి ఒక రోజు, గోల్కొండకు ఒక రోజు సరిపోతాయి. కొత్త నగరపు అద్దాల మేడలను, సినిమా నగరాన్ని ఈ రెండు రోజుల్లో ఇరికించవద్దని ముందే మనవి చేస్తున్నాను.

ముందుగా రోజు ఎంచుకోవడం. మొదటి రోజు శుక్రవారం కాకుండా చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కూ ఆ రోజే సెలవు. మక్కా మసీదులో మధ్యాహ్నం సామూహిక ప్రార్థన జరుగుతుంది కాబట్టి చూడడానికి వచ్చినవారు ఆ వేళకు అక్కడ ఉండకపోవడం మర్యాద. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గాని జనం విపరీతంగా ఉంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రావలసి వస్తే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు ఏదో ఒక కప్పు కింద ఉండేలా చూసుకోవాలి. ఆషాఢంలో వచ్చేవారికి బోనాలు చూసే అదృష్టం దక్కుతుంది. ఆ ఉత్సవం గోల్కొండ కొండ మీది జగదాంబ మహంకాళి గుడిలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడికీ, ఆ తర్వాత పాతనగరంలోని లాల్‌దర్వాజ సింహవాహిని గుడికీ సాగుతుంది. అయితే ఆ ఆదివారాల్లో ఈ వీధులన్నీ అమ్మవారివి. కట్టడాలు చూసే పనిని మరో రోజుకు పెట్టుకోండి.

మొదటి రోజు ఉదయం ఏడు గంటలకే చార్మినార్ దగ్గర ఉండాలి. మెట్రోలో వచ్చేవారు ఎం.జి.బి.ఎస్. స్టేషన్‌లో దిగి అక్కడి నుంచి ఆటో తీసుకోవచ్చు. చార్మినార్ చుట్టూ వాహనాలను రానివ్వరు కాబట్టి చివరి కొంత దూరం ఎలాగూ నడకే. ఇంత పొద్దున్నే ఎందుకంటే, పది దాటాక ఆ కట్టడాన్ని తలెత్తి చూడడానికి తోపుడు బండ్లు, జనం అడ్డు లేని జాగా దొరకదు. ఏడింటికి పావురాలు, పాలవాళ్లు, నమాజు ముగించుకుని వచ్చి చాయ్ తాగుతున్న పెద్దమనుషులు తప్ప ఎవరూ ఉండరు. అక్కడి ఇరానీ హోటల్లో నిలబడి చాయ్‌లో ఉస్మానియా బిస్కట్ ముంచుకుని తింటూ, తూర్పు ఎండ మినార్ల మీద పడడం చూడండి. పెద్దవాళ్లు శాకాహారులైతే కొద్దిగా ఉత్తరానికి నడిచి గుల్జార్ హౌజ్ దాకా వెళ్తే, బండి మీద వెన్న దోశ, ఇడ్లీ దొరుకుతాయి.

టిఫిను చేసే ఆ చోటునే ఒకసారి నాలుగు దిక్కులూ గమనించమని నా ప్రార్థన. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో, అంటే హిజ్రీ శకం 1000లో, ఈ నగరానికి పునాది వేసినప్పుడు ఆయన పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీ గీసిన పథకంలో చార్మినార్ నడిబొడ్డు. దాని నుంచి నాలుగు వైపులకూ నాలుగు దారులు తిన్నగా సాగుతాయి. ఉత్తరపు దారిలో చార్‌కమాన్ అనే నాలుగు పెద్ద కమాన్లు నాలుగు వైపులా నిలబడి ఉంటాయి. వాటి మధ్యనున్న నీటి తొట్టే గుల్జార్ హౌజ్. చార్మినార్‌ను ఎందుకు కట్టారన్న దానికి మహమ్మారి కథ మొదలుకొని ప్రేమకథ దాకా ఎన్నో చెబుతారు. కమాను కింద నిలబడి నాలుగు దారులనూ చూసినవారికి మాత్రం, ఇది నగరానికి నాభిగా కట్టినదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

టికెట్ ఇచ్చే వేళకు, అంటే తొమ్మిది ప్రాంతంలో, మొదటి వరుసలోనే పైకి వెళ్లండి. కేంద్ర పురావస్తు శాఖ టికెట్‌ను ఫోనులోనే కొనవచ్చు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. మినారు లోపల చుట్లు తిరుగుతూ పైదాకా 149 మెట్లు ఉన్నాయి గాని సందర్శకులను మొదటి అంతస్తు వరకే అనుమతిస్తారు. ఆ మెట్లు ఇరుకైనవి, ఎత్తైనవి, అరిగి నున్నబడినవి. మోకాళ్ల నొప్పులున్నవారిని బలవంతపెట్టవద్దు. ఎక్కినవారు కమాన్ల మీది గచ్చు పనిని దగ్గరగా చూడాలి. సున్నపు గచ్చులో పువ్వులు, తీగలు ఎంత పలుచగా తీర్చారో కింద నుంచి కనబడదు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు కట్టడంతో పుట్టినవి కావు, 1889లో అమర్చినవి.

దిగగానే నైరుతి దిక్కున కనిపించేది మక్కా మసీదు. దీని నిర్మాణం 1617లో మహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలై, గోల్కొండ మొగలుల చేతికి వచ్చాక ఔరంగజేబు కాలంలో 1694లో ముగిసింది. మధ్య కమానుకు వాడిన ఇటుకలను మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేశారని చెబుతారు, పేరు అందుకే వచ్చింది. లోపలికి వెళ్లేవారు మోకాళ్లు, భుజాలు కప్పుకునే బట్టలు వేసుకోవాలి, ఆడవారు తల మీద చున్నీయో కొంగో కప్పుకోవాలి, చెప్పులు విడవాలి, నమాజు చేస్తున్నవారి ముందు నుంచి నడవకూడదు. ఎడమ వైపు కప్పు కింద వరుసగా ఉన్న పాలరాతి సమాధులు రెండవ నిజాం మొదలు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దాకా ఆసఫ్‌జాహీ పాలకులవి. ఏడవ నిజాం ఇక్కడ లేడు. ఆయన తన తల్లి సమాధి ఉన్న కింగ్ కోఠీ వద్ది మసీదులో ఖననమయ్యాడు.

మసీదు నుంచి పది నిమిషాల నడకలో చౌమహల్లా ప్యాలెస్. పదింటికి వెళ్తే ఖిల్వత్ దర్బారు హాలు దాదాపు ఖాళీగా దొరుకుతుంది. పై నుంచి వేలాడే 19 బెల్జియం గాజు షాండిలియర్లను, నిజాములు గద్దెనెక్కిన పాలరాతి వేదికను జనం మధ్య చూడడం వేరు, నిశ్శబ్దంలో చూడడం వేరు. నిర్మాణం 1750లో మొదలై ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. శిథిలమవుతున్న దశలో చేపట్టిన పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. వెనుక ప్రాంగణంలోని పాత కార్ల దగ్గర పిల్లలు చాలాసేపు నిలిచిపోతారు కాబట్టి వాటిని చివరకు పెట్టుకోండి. ఒక మాట చెప్పడం మరవకూడదు: పాతనగరపు వీధుల్లో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం కష్టం. ఈ ప్యాలెస్‌లోనూ, మధ్యాహ్నం వెళ్లే మ్యూజియంలోనూ ఆ వసతి ఉంది. ఆడవారు, పెద్దవారు ఈ సంగతి మనసులో ఉంచుకుని నీళ్లు తాగడం మానుకోకుండా ఉండాలి.

చౌమహల్లా నుంచి వచ్చిన దారినే తిరిగి రాకుండా లాడ్ బజారు గుండా చార్మినార్‌కు రండి. పదకొండున్నర, పన్నెండు ప్రాంతానికి దుకాణాలన్నీ తెరిచి ఉంటాయి, సాయంత్రపు తొక్కిసలాట ఇంకా మొదలై ఉండదు. లక్క గాజులు కొనాలంటే ఇదే వేళ. లక్కను నిప్పుల మీద కరిగించి, సాగదీసి, గుండ్రంగా మలిచి, వేడి ఆరకముందే రాళ్లను, అద్దం ముక్కలను ఒక్కొక్కటిగా పొదిగే ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దుకాణాల వెనుక సందుల్లో పని చేస్తూ కూర్చున్నవారిని అడిగితే సంతోషంగా చూపిస్తారు. ఫొటోకు మాత్రం అనుమతి అడగండి. ఎదుట చేసి ఇచ్చే గాజు కొంటే, చేతికి బిగుతైనా వదులైనా అప్పటికప్పుడు వేడి చేసి సరిచేస్తారు. ఇంట్లో ఉన్నవారి కోసం కొనేటప్పుడు 2.4, 2.6, 2.8 అన్న కొలతను గుర్తు మీద చెప్పడం కన్నా వారి పాత గాజు ఒకటి వెంట తెచ్చుకోవడం మేలు. కొన్న లక్క గాజులను ఎండలో నిలిపిన కారులో వదలవద్దు, వేడికి మెత్తబడి రాళ్లు ఊడతాయి.

బేరం గురించి నా పద్ధతి చెబుతాను. మొదటి దుకాణంలో కొనను. మూడు నాలుగు చోట్ల ఒకే రకం గాజుల ధర అడిగి, నాణ్యం పోల్చుకుని, నచ్చిన చోటికి తిరిగి వెళ్లి నాకు తోచిన ధర ఒక్కటే చెబుతాను. కొనే ఉద్దేశం లేనప్పుడు అట్టపెట్టెలన్నీ దింపించడం ఆ మనిషి పొద్దును పాడు చేయడమే. తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబిచ్చేవారు అక్కడ బోలెడుమంది. ఇక్కడి ఉర్దూ యాస అయిన దక్కనీలో ఒక్క ముక్క నేర్చుకోవాలంటే ‘నక్కో’ చాలు. ‘వద్దు’ అని దాని అర్థం, నవ్వుతూ అంటే ఎవరూ నొచ్చుకోరు. ఫోను చెల్లింపులు అన్ని చోట్లా నడుస్తాయి గాని, బండ్ల దగ్గర కొనడానికి కొంత చిల్లర ఉంచుకోండి.

ఇక ఉత్తరంగా నడక. చార్మినార్ నుంచి మూసీ మీది నయాపూల్ దాకా దారి ఒకటిన్నర కిలోమీటరుకు మించదు. ఇరువైపులా రాతి కమాన్లతో సాగే పత్తర్‌గట్టి వరండాలో నీడ ఉంటుంది, అత్తరు దుకాణాల వాసన ఉంటుంది, ముత్యాల అంగళ్లు ఉంటాయి. సముద్రం లేని ఊరికి ముత్యాల పేరు నిజాముల ఆదరణ వల్ల వచ్చింది. ఎక్కడి నుంచో వచ్చిన ముత్యాలకు ఇక్కడ రంధ్రం వేసి, వన్నె తెచ్చి, గుచ్చుతారు. ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువ భాగం మంచినీటిలో పెంచినవి, వాటిలో తప్పేమీ లేదు, ప్లాస్టిక్ పూసలకు ముత్యాల ధర ఇవ్వకుండా ఉంటే చాలు. రెండు ముత్యాలను ఒకదానికొకటి మెల్లగా రుద్దితే అసలువి కొద్దిగా గరుకుగా తగులుతాయి, నకిలీవి జారిపోతాయి. పెద్ద మొత్తం పెట్టేవారు రకం పేరు రాసిన బిల్లు తీసుకోవాలి. చార్మినార్ నుంచి వెంటబడి ‘మా దుకాణానికి రండి’ అని తీసుకెళ్లేవారితో వెళ్లకపోవడం మంచిది, వారి కమీషను మీ బిల్లులోనే ఉంటుంది.

ఇదే దారిలో, మదీనా కూడలికి దగ్గరగా, ఎక్కువమంది దాటిపోయే చోటు ఒకటి ఉంది: బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. నగరం పుట్టిన కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ మొహర్రం సంతాపం కోసం కట్టించిన ఈ హాలులో గోడల నిండా పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల మెరుపు పలకలు పొదిగి ఉన్నాయి. నా దృష్టిలో పాతనగరంలో ఇంతకన్నా అందమైన గోడ లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఇక్కడిదాకా చేరి కింది భాగపు పలకలను దెబ్బతీసింది. ఆ తర్వాత వాటి స్థానంలో రంగులు వేసి సరిపెట్టారు. పైదానికీ కిందిదానికీ తేడా చూడగానే తెలుస్తుంది. ఇది నేటికీ ప్రార్థన జరిగే చోటు కాబట్టి చెప్పులు విడిచి, అక్కడ ఉన్నవారిని అడిగి లోపలికి వెళ్లండి.

మదీనా కూడలి చుట్టుపక్కల భోజనం ముగించుకుని రెండింటికల్లా సాలార్‌జంగ్ మ్యూజియం చేరుకోవాలి. నిజాం దగ్గర దివానుగా పనిచేసిన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ తన సంపదనంతా వెచ్చించి పోగుచేసినవే ఇందులో అధికం. ఆయన మరణించాక 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవ్డీలో ప్రజలకు తెరిచి, 1968లో ఈ భవనానికి మార్చారు. అన్ని గదులూ చూడాలని ఎవరూ అనుకోవద్దు, మూడు గంటల్లో అది జరగదు. మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం దగ్గర ఆగండి. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన ఈ శిల్పంలో రాతినే పలుచని ముసుగుగా మార్చి, దాని వెనుక ముఖం కనబడేలా చేశాడు. మూడింటికి పది నిమిషాల ముందే సంగీత గడియారం ఎదుట జాగా పట్టుకుంటే, చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లడం పిల్లలకు కనబడుతుంది. ఆ తర్వాత మీకు ఇష్టమైన రెండు మూడు విభాగాలు చాలు: దంతపు పనో, జేడు కత్తులో, చేతిరాత ప్రతులో.

బయటికి వచ్చాక ఐదు నిమిషాలు నయాపూల్ మీద నిలబడండి. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, రెండూ ఆ 1908 వరద తర్వాత విన్సెంట్ ఎష్ రూపకల్పనలో లేచిన కట్టడాలు. ఆ వరద రోజున ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఊరి ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టడానికి కారణం కూడా ఆ వరదే. సలహా ఇచ్చినది మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఓపిక మిగిలితే సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లి, 1935 నాటి ఆ రాతి ప్రాంగణంలో కూర్చుని ఐస్‌క్రీము తినండి. వంటపాత్రలు, ఎండుఫలాలు, మసాలా దినుసులు టోకున కావలసినవారు బేగంబజారుకు వెళ్లాలి గాని, ఆ సందుల్లోకి చిన్నపిల్లలను తీసుకుపోవద్దు. తెలుగు చదివేవారికి ఇంకొక చోటు చెప్పాలి: సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి చోటు కరవైన రోజుల్లో, 1901 సెప్టెంబరు 1న, కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వేంకట రంగారావు వంటివారి పూనికతో మొదలైన గ్రంథాలయం అది. అక్కడ నిలబడి ఆ పేర్లు చదువుకోవడం నాకు గుడికి వెళ్లినట్టే ఉంటుంది.

రెండవ రోజు గోల్కొండకు. గేటు తెరిచే తొమ్మిదింటికే లోపల ఉండండి. నీళ్ల సీసా, టోపీ, జారని బూట్లు వెంట ఉండాలి. గైడు కావాలనుకుంటే ఎంత సేపు, ఎంత రుసుము అన్నది ముందే మాట్లాడుకోండి. ద్వారం దాటగానే గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ శిఖరాన ఉన్న బాలాహిస్సార్ అనే పై కోట దగ్గర వినిపిస్తుంది. శత్రువు వచ్చాడని పైవారికి తెలిపే ఏర్పాటు అది. మీలో ఒకరిని కిందనే ఉంచి, మిగిలినవారు పైకి వెళ్లాక ఫోనులో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటే నిజంగా పరీక్షించినట్టు అవుతుంది. దారిలో కొండ మీదికి నీరు ఎక్కించిన మట్టి గొట్టాల ఆనవాళ్లను చూడడం మరవవద్దు.

రామదాసు బందిఖానా దగ్గర తొందరపడకండి. పాల్వంచ తహశీల్దారుగా ఉండి, వసూలు చేసిన శిస్తుతో భద్రాచల రామాలయం కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా కాలంలో బంధించిన గది ఇదే. చీకటి గోడ మీద రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడి రూపాలు చెక్కి ఉన్నాయి. ఆయనే చెక్కాడని తరతరాలుగా నమ్మకం. భద్రాచలం చూసినవారెవరైనా ఈ గది చూడకుండా వెళ్లకూడదని నేను పట్టుబడతాను. మోకాళ్లు మొరాయించే పెద్దలు ఇక్కడిదాకా వచ్చి ఆగినా వచ్చిన ఫలం దక్కినట్టే. ఎక్కగలిగినవారు పైన మహంకాళి అమ్మవారిని దర్శించుకుని, బారాదరి మీదికి వెళ్లి, చుట్టూ సాగిన ప్రాకారాలను చూసి, రాణీమహళ్ల వైపు మెట్ల మీదుగా దిగాలి. కోహినూర్ ఇక్కడే తవ్వారని ఎవరైనా చెబితే సరిదిద్దండి. గోల్కొండ వజ్రాల అంగడి మాత్రమే, గనులు కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి చోట్ల ఉండేవి.

కోట నుంచి ఆటోలో కొద్ది నిమిషాలు వెళ్తే కుతుబ్‌షాహీ సమాధులు. ఆగాఖాన్ ట్రస్టు ఏళ్ల తరబడి చేసిన పునరుద్ధరణ తర్వాత గుమ్మటాలు, మెట్లబావులు తిరిగి కళ తెచ్చుకున్నాయి. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా ఇక్కడే ఉన్నాడు, నగరం కట్టించిన మహమ్మద్ కులీ అన్నిటికన్నా ఘనమైన గుమ్మటం కింద ఉన్నాడు. చివరి సుల్తాను తానీషా మాత్రం లేడు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడిపోగా, ఆయనను దౌలతాబాదు కోటలో బంధించారు. సమాధి ఖుల్దాబాదులో ఉంది.

మధ్యాహ్నం బసకు వెళ్లి విశ్రాంతి తీసుకుని, ఐదు ప్రాంతంలో నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరానికి రండి. గుడి మధ్యాహ్నం మూసి ఉంటుంది కనుక తొందరపడి ముందు రావడంలో లాభం లేదు. 2000 టన్నుల రాజస్థాన్ పాలరాతితో కట్టిన ఈ వేంకటేశ్వరాలయాన్ని 1976లో రామకృష్ణ మఠానికి చెందిన స్వామి రంగనాథానంద ప్రారంభించారు. ధ్యానానికి భంగం కలగకూడదని ఇందులో గంటలు పెట్టలేదు. ఫోన్లు, కెమెరాలు కిందనే అప్పగించాలి, కాబట్టి గుంపులో విడిపోతే కలుసుకునే చోటును ముందే అనుకోండి. దర్శనమయ్యాక పై మండపంలో హుస్సేన్ సాగర్ వైపు తిరిగి కూర్చుంటే, నీటి మధ్య బుద్ధుని విగ్రహం చుట్టూ దీపాలు ఒక్కొక్కటే వెలగడం కనిపిస్తుంది. రాత్రి రైలు నాంపల్లి నుంచి అయితే గంట ముందు కొండ దిగినా చాలు. సికింద్రాబాదు నుంచి అయితే రెండు గంటలు చేతిలో ఉంచుకుని లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కండి.